నర్సవ్వ ఇంటి నక్ష

మా చిన్నతనంలో, సిరిసిల్లలో... బట్ట కొలిచే గజం బద్ద పట్టుకుని మా వాడలో ప్రతి ఇంట్లోకీ దూరేదాన్ని. వాకిలి ఎన్ని గజాలు, లోపలి గది, అదే అర్ర, ఎన్ని గజాలు, బట్ట నేసే సాంచా ఎంత జాగా తీసుకుంది, వెలుతురు ఎటు నుంచి పడుతోంది... అన్నీ కొలిచి నోటుబుక్కులో గీసుకునేదాన్ని.

అప్పుడు నాది తొమ్మిదో తరగతి. ఇల్లు కట్టకముందే దాన్ని కాగితం మీద కట్టే చదువొకటి ఉందని, దాన్ని ఆర్కిటెక్చర్ అంటారని, ఇంటర్ తర్వాత బొమ్మలు గీయించి పరీక్ష పెడతారని మా డ్రాయింగ్ సారు ఒకరోజు చెప్పారు. క్లాసులో అందరూ ఆ మాట అక్కడే వదిలేశారు. నేను పట్టుకున్నాను. ఇప్పటి నుంచే ఎలా తయారవ్వాలని అడిగితే, "కనబడ్డ ఇంటినల్లా కొలువు. ఎందుకట్ల కట్టిన్రో ఆలోచించు. ఎవరి ఇల్లో రాయకు, నంబరు ఎయ్యి చాలు" అన్నారు.

ఆ చివరి మాట ఎందుకన్నారో నేను అడగలేదు...

అవి అన్నల కాలం. నక్సలైట్లను మా దగ్గర అన్నలనే పిలిచేవాళ్లు. మా వాడలో నర్సవ్వ పెద్ద కొడుకు వాళ్లలో కలిసి అడవికి పోయాడు. అప్పటి నుంచి పోలీసులు వారానికోసారి ఆమె ఇల్లు సోదా చేసేవాళ్లు. బియ్యం కుండలు కూడా బోర్లించి చూసేవాళ్లు. ఆ గడప తొక్కడానికి చుట్టాలు కూడా జంకేవారు. నేను మాత్రం వెళ్లి కొలిచాను. నా బుక్కులో అది ఏడో నంబరు ఇల్లు.

ఎండాకాలం సెలవుల్లో అమ్మా నేనూ కోరుట్లలో ఉన్న మా చిన్నమ్మ ఇంటికి బయలుదేరాం. దారిలో పోలీసులు బస్సు ఆపి సంచులు వెతికారు. అమ్మ చీరల మడతల్లోంచి నా నోటుబుక్కు బయటపడింది. పేజీ తిప్పితే ఇల్లు, మళ్లీ తిప్పితే ఇంకో ఇల్లు. ప్రతిదానికీ ముందు దర్వాజ, వెనక దర్వాజ, గోడ ఎత్తు... మమ్మల్ని దించేశారు. బస్సు వెళ్లిపోయింది.

ఠాణాలో ఎస్సై ముందు నిలబెట్టారు.

"గీ నక్షలు ఎవరికోసం గీస్తున్నవ్?"

"ఎవలకోసం గాదు సార్. నా సదువు కోసం."

ఆడపిల్లకు ఇండ్లు కట్టే చదువేందని పక్కనున్న కానిస్టేబుల్ నవ్వాడు. అంతవరకూ నాకు భయంగానే ఉంది. ఆ నవ్వు విన్నాక కోపం వచ్చింది. నిజంగా చదువుకోసమే అయితే ఈ గది గీసి చూపించమన్నాడు ఎస్సై. అడుగులు వేసి గది కొలిచాను. ఆయన బల్ల మీదే కాగితం పెట్టి గీశాను. గీసి ఊరుకోలేదు.

"కిటికీ పడమటికి పెట్టిన్రు సార్, అందుకే గింత ఉక్క పోస్తుంది. ఉత్తరం గోడకు ఇంకోటి ఉంటే గాలి ఆడుతుండె."

ఎస్సై కిటికీ వైపు చూశాడు. కానిస్టేబుల్ మళ్లీ నవ్వలేదు.

ఇక పంపించేస్తారనుకున్నాను. కానీ ఆయన అసలు ప్రశ్న అప్పుడు అడిగాడు. మాది ఏ వాడో అమ్మ అప్పటికే చెప్పేసింది. అక్కడ సోదాలు చేసేది మా ఊరి ఠాణా వాళ్లు, ఈయన ఆ వాడ చూసినవాడు కాదు. ఎవరి ఇంటి వెనక దర్వాజ ఎటు తెరుచుకుంటుందో ఆయనకు కావాలి. వీటిలో నర్సవ్వ ఇల్లు ఏదని అడిగాడు.

"పేర్లు రాస్కోలె సార్. గోడలే కొలిచిన."

మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ అదే చెప్పాను. పొద్దు వాలుతుండగా వదిలేశారు. బుక్కు మాత్రం ఇవ్వలేదు.

ఇంటికొచ్చాక మా నాన్న గజం బద్ద తీసి అటక మీద పెట్టేశాడు. ఆయన్ని బాపు అని పిలిచేదాన్ని. ఈ గీతలు మనల్ని మింగుతాయి, చాలు బిడ్డా అన్నాడు. ఆయన కోపంతో అనలేదు, భయంతో అన్నాడు. అందుకే ఎదురు చెప్పడం నాకు ఇంకా కష్టమైంది... అయినా చెప్పాను. ఆపనని చెప్పాను. కానీ నా బుక్కు పోలీసుల చేతిలో పడిందని తెలిసి వాడలో ఒక్క ఇల్లూ నన్ను లోపలికి రానివ్వలేదు. వాళ్లను తప్పుపట్టలేను.

నెల గడిచిందో లేదో, నర్సవ్వే మా ఇంటికి వచ్చింది. ఠాణాలో నన్ను ఏం అడిగారో, నేను ఏం చెప్పలేదో అమ్మ ద్వారా ఆమెకు తెలిసింది. నలుగురూ చూస్తుండగా వాకిట్లో నిలబడి బాపుతో అంది...

"నా ఇల్లు మల్ల కొలువనియ్యి తమ్మీ. గీ సోదాలల్ల గోడలు ఎన్ని దినాలుంటయో ఎరుకలేదు. కాయిదం మీదన్న ఉండనియ్యి."

బాపు అటకెక్కి గజం బద్ద దించి నా చేతికిచ్చాడు.

ఆ రోజు నర్సవ్వ తలుపులన్నీ బార్లా తెరిచి పెట్టింది. కొడుకు పుస్తకాలు పెట్టుకునే గూడు చూపించి, దాన్ని కూడా గియ్యమంది. గీశాను. ఆ తర్వాత ఒక్కొక్క ఇల్లూ తెరుచుకుంది. పదో తరగతి అయ్యేసరికి రెండో బుక్కు నిండిపోయింది. ఇంటర్ జగిత్యాలలో చదివాను, అక్కడా కొలవడం ఆపలేదు. పరీక్ష రాశాను. హైదరాబాద్‌లో సీటు వచ్చింది. ఇప్పుడు ఇండ్లు గీయడమే నా పని.

నర్సవ్వ కొడుకు తిరిగి రాలేదు. ఆమె కూడా ఇప్పుడు లేదు.

ఈ రోజుల్లో ఏ ఊరి కప్పులైనా ఫోన్లో ఆకాశం నుంచి కనిపిస్తాయి. ఇల్లు గీసినందుకు ఎవరూ ఎవరినీ బస్సు దించరు. భయం పోయింది, మంచిదే... కానీ ఊరు పేరు తెలియని ఏ పిల్లో వచ్చి మీ ఇల్లు కొలుచుకుంటానంటే గేటు తీసేవాళ్లు ఎంతమంది మిగిలారు?

పెద్దవాళ్లంతా వద్దన్నా మీరు వదలని పని ఏదైనా ఉందా... ఉంటే ఇక్కడ రాయండి. ఒక్కటీ వదలకుండా చదువుతాను.