పద్ధతో, కోపమో

మా పక్కింటి తాత పోయాడని తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను నల్లగొండ బస్టాండులో చిట్యాల బస్సు కోసం నిలబడి ఉన్నాను. ఆయన్ను చూసి వద్దామనే బయలుదేరాను. పొద్దున ఇంత జొన్నగట్క తాగి, అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే కన్ను మూశాడట. మంచాన పడలేదు, ఎవరిచేతా చేయించుకోలేదు, అదృష్టవంతుడన్నాడు తమ్ముడు. నిజమే. కానీ ఒక్క మాట కోసం ఎదురుచూస్తూ పోయాడని నాకు తెలుసు. ఆ అదృష్టం నాకంత తేలిగ్గా మింగుడుపడలేదు.

తాత కల్లు గీతకు తాళ్లెక్కేవాడు. ఎక్కేముందు చెట్టును తాకి 'ఎక్కుతున్న తల్లీ' అనేవాడు, దిగాక మళ్లీ తాకేవాడు. ఒంట్లో సత్తువ ఉండగానే ఒకరోజు చెట్టెక్కే మోకు తీసి కొడుకు చేతిలో పెట్టాడు. ఎందుకంత తొందరని ఊళ్లో వాళ్లు అడిగితే, చెట్టు తనను దించకముందే తను దిగాలన్నాడు. ఆ తర్వాత కొడుకు కల్లు ఎలా తీస్తున్నాడో చెట్టు కింద నిలబడి ఏనాడూ వంకలు పెట్టలేదు. ఆయన ఈడు ముసలాళ్లు కోడళ్లతో ఉప్పుకూ కారానికీ తగువు పడుతుంటే ఈయన పెట్టింది తినేవాడు. ఎవరు చెంబెడు నీళ్లిచ్చినా 'నీ కడుపు సల్లగుండ' అనేవాడు. దీవెన కోసమే ఈయనకు దాహం వేస్తుందేమో అనేది మా అమ్మ.

ఇల్లు రెండు వాటాలు. ఒక దాంట్లో తాత, రెండో దాంట్లో ఆయన తమ్ముడి భార్య. ఆమెను మేం చిన్నవ్వ అనేవాళ్లం. తాత భార్య పోయి, కొడుకు తాళ్లు మాని పట్నంలో పనికి కుదురుకున్నాక, తాతకు రెండు పూటలా అన్నం పెట్టింది చిన్నవ్వే. అయితే ఆమె ఆయనతో ఏనాడూ మాట్లాడలేదు. తమ్ముడి భార్య బావ ఎదుట పడకూడదు, ఆయనతో నేరుగా మాట్లాడకూడదు. ఆ ఇళ్లల్లో అది పద్ధతి. అన్నం గిన్నె అరుగు మీద పెట్టి, గాజులు చప్పుడు చేసి, తలుపు చాటుకు వెళ్లేది. ఏదైనా చెప్పాల్సి వస్తే కొట్టంలో బర్రెకు చెప్పేది. 'ఇయ్యాల పప్పుల ఉప్పెక్కువైందే' అని ఆమె బర్రెతో అంటే, 'మంచిగనే ఉన్నదని చెప్పవే' అని ఈయనా బర్రెతోనే అనేవాడు. ఆ బర్రె వినని సంగతి ఆ ఇంట్లో లేదు. మాకు అది చూడటం సరదా. తాతకు ఎందుకు సరదా కాదో నేను పెద్దయ్యాక గానీ అర్థం కాలేదు.

రజాకార్ల రోజుల్లో తాత తమ్ముడు కమ్యూనిస్టుల దళంలో చేరి గుట్టల్లో ఉండేవాడు. చిన్నవ్వ కొత్త కోడలు, నెల తప్పి ఉంది. ఒకరోజు తాత తాటిచెట్టు మీద ఉండగా పెద్దరోడ్డు వెంట యూనియన్ మిలిటరీ లారీలు వరసగా కనిపించాయి. రజాకార్లు పారిపోయారని అప్పటికే ఊళ్లో అనుకుంటున్నారు. మనోళ్లొచ్చిన్రని తాత చెట్టు మీద నుంచే కేకేశాడు. ఊరంతా రోడ్డు మీదికి ఉరికింది. సైనికులకు కొందరు నీళ్లిచ్చారు, కొందరు కల్లు పోశారు. ఆ సంతోషంలో తాత, ఇక భయం లేదు ఇంటికి రమ్మని గొర్రెలకాపరితో తమ్ముడికి కబురు పంపాడు. తమ్ముడు వచ్చాడు. చాన్నాళ్ల తర్వాత తలస్నానం చేసి, అన్న పక్కన కూర్చుని అన్నం తిన్నాడు. కొన్నాళ్లకు ఆ లారీలే మళ్లీ వచ్చాయి, ఈసారి దళం వాళ్లను వెతుక్కుంటూ. తీసుకుపోయిన తమ్ముడు మళ్లీ రాలేదు. శవం కూడా ఇవ్వలేదు. చిన్నవ్వ కడుపులో బిడ్డ కూడా నిలవలేదు.

నేనే పిలిచిన, నేనే చంపుకున్న అని తాత ఊరందరి ముందూ తల బాదుకున్నాడట. ఆ తర్వాత ఎవరిముందూ ఆ సంగతి ఎత్తలేదు. కిందటి ఎండాకాలం మాత్రం నాతో అన్నాడు.

"ఆమె నాతోని మాట్లాడంది పద్ధతికా, కోపానికా బిడ్డా? గది తెలిస్తె సాలు. ఇంకేం ఫికర్ లేదు నాకు."

నేను అడిగి చెబుతానన్నాను. వద్దన్నాడు. అడిగితే ఆమెచేత పద్ధతి తప్పించినట్టవుతుందని ఆయన బాధ. ఒకవేళ కోపమే అని తెలిస్తే తట్టుకోలేననే భయం కూడా ఉండి ఉంటుంది. ఆ వయసులో కూడా.

తాతను సాగనంపిన మర్నాడు చిన్నవ్వ దగ్గర కూర్చున్నాను. ఇక దాచి లాభమేమిటని ఆయన అడిగిన మాట చెప్పాను.

"కోపమెందుకు బిడ్డా? బావ కబురు పెడితె మా ఆయన రానన్నడు. దళం ఒప్పదని గొల్లాయనను తిప్పి పంపిండు. మల్ల నేను కబురు పెట్టిన. నెల తప్పిన, ఒక్కసారి మొఖం చూపిచ్చి పొమ్మన్న. గప్పుడొచ్చిండు."

ఈ సంగతి తాతకు తెలియదా అన్నాను.

"తెలుసనుకున్న. ఇద్దరి కబురు మోసింది ఆ గొల్లాయననే గద. మొగుణ్ని మింగిందని నన్ను ఎవ్వరు అనకుండ, నేనే పిలిచిననని బావ నెత్తికెత్తుకున్నడనుకున్న. ఆ రుణం తీరదని గింత వండి పెట్టుకుంట వచ్చిన."

ఒకే గోడకు ఇటొకరు, అటొకరు. ఆయన ఆమె క్షమిస్తే చాలనుకున్నాడు. ఆమెకేమో ఆయన రుణం తీరితే చాలు. ఇద్దరూ అంత మర్యాదస్తులు కాకపోయి ఉంటే ఎంత బాగుండేదో. ఒక్కరోజు గట్టిగా పోట్లాడుకుని ఉన్నా ఈ బరువు దిగిపోయేది. నాకు ఆ పద్ధతి మీదే కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది.

మూడోనాడు పిట్టకు పెట్టడానికి మెట్టచెలకలో తాతను పూడ్చిన చోటికి వెళ్లాం. ఆయనకిష్టమైన గట్క, చేపల కూర, ఇంత కల్లు విస్తరిలో పెట్టి దూరంగా నిలబడ్డాం. తీరని కోరిక ఉంటే కాకి ముట్టదంటారు. చిన్నవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. కాకి మాత్రం కాసేపట్లోనే వచ్చి వాలింది. పిట్ట ముట్టిందంటూ అందరూ కాళ్లు కడుక్కోవడానికి బావి దగ్గరికి నడిచారు.

చిన్నవ్వ రాలేదు. తిరిగి చూస్తే, కొంగు తల మీదికి లాక్కుని, సమాధికి ఎదురుగా వెళ్లి కూర్చుంది. "బావా," అన్నది. ఆ పిలుపు ఆమె నోట మేం ఎప్పుడూ వినలేదు. తర్వాతి మాటలు మాకు వినపడలేదు. కాకి విస్తరి ఖాళీ చేసి ఎగిరిపోయింది. ఎండ నడినెత్తికి వచ్చింది. పిలవడానికి పోబోతున్న మా తమ్ముణ్ని నేను ఆపాను. ఆమె ఇంకా చెబుతూనే ఉంది.