యమున గట్టు మీద నీలి జెండా

ఈ సంగతులు ఇంతకాలం ఎందుకు రాయలేదని ఎవరైనా అడిగితే చెప్పడానికి పెద్ద కారణాలేమీ లేవు, నాకు రాయడం వచ్చేది కాదు, అంతే. అరవై ఒకటో ఏట మా కోడలు ఢిల్లీ ద్వారకలోని ఈ ఫ్లాటు బాల్కనీలో నన్ను కూర్చోబెట్టి, పాత క్యాలెండరు కాగితాల వెనకవైపు నా చేత అ ఆలు దిద్దించింది. గుణింతాలకు ఒక ఏడాది, ఒత్తులకు ఇంకో ఏడాది పట్టాయి. ఇప్పటికీ కొన్ని ఒత్తుల దగ్గర నా కలం కాసేపు ఆగి ఊపిరి పీల్చుకుంటుంది.

మొన్న ఆదివారం మనవరాలు ఫోను పట్టుకొచ్చి నా పక్కన కూర్చుంది. స్నేహితులతో సైకిళ్ళ మీద యమున వెంబడి వెళ్తుందట, ఏ మలుపు ఎక్కడ తిరగాలో ఫోనులో గీత గీసి ఉంది. నేను తెలుగులో అడుగుతాను, అది హిందీలో జవాబిస్తుంది, మా ఇద్దరి కబుర్లూ అలాగే సాగుతాయి. ఆ గీతను చూసి నాకు నవ్వొచ్చింది. ఆ దారిని నేను ఎవరి ఫోనూ లేకుండా కంఠతా చెప్పానే అన్నాను. అది నమ్మలేదు. అప్పుడు ట్రంకు పెట్టె అడుగునుంచి నాలుగు కాగితాలు తీసి దాని చేతిలో పెట్టాను. అవి హిందీలో ఉన్నాయి, నేను నేర్చుకున్నది తెలుగు అక్షరాలు, కాబట్టి ఇన్నేళ్ళు దాచుకున్నా నేను వాటిని చదవలేదు. అది పైకి చదువుతుంటే, ఇంకొకరి చేతిరాతలోంచి నా మాటలే నాకు వినిపించాయి.

మా ఆయన ఫౌజులో లారీ డ్రైవరు. డెబ్బయిల మధ్యలో విజయనగరం పక్క పల్లె నుంచి నన్ను ఢిల్లీ కంటోన్మెంటులోని ఒక గదిన్నర క్వార్టరుకు తీసుకొచ్చారు. లారీల వరుసతో జమ్మూ వైపు వెళ్తే మళ్ళీ నెలకో, రెండు నెలలకో రావడం. అందుకని వచ్చిన మొదటి శీతాకాలంలోనే, పరేడు మైదానం పక్క ఖాళీ రోడ్డు మీద, తన పెద్ద సైకిలు నాకు నేర్పారు. చీర కుచ్చెళ్ళు ఎత్తి నడుములో దోపి, మగవాళ్ళ సైకిలు కడ్డీ మీదుగా కాలు వేసి ఎక్కేదాన్ని. పడిన దెబ్బల మచ్చ ఒకటి మోకాలి మీద ఇప్పటికీ ఉంది. నాకు చదువు రాదని ఆయనకొక్కరికే తెలుసు. అందుకే దారి గుర్తుపెట్టుకోవడం లారీ డ్రైవర్ల పద్ధతిలో నేర్పారు, ఎక్కడ రోడ్డు ఎత్తవుతోందో, ఎక్కడ గాలి చల్లబడుతోందో, ఏ మలుపులో ఇటుక బట్టీ వాసన వస్తుందో, వెనక్కి వచ్చేటప్పుడు అదే చోటు ఎలా కనిపిస్తుందో.

నా మొదటి దూరప్రయాణం గోంగూర కోసం. నవ్వకండి. ఆ రోజుల్లో మా కంటోన్మెంటు చుట్టుపక్కల గోంగూర దొరికేది కాదు. మా అమ్మ పంపిన విత్తనాలు కొంగున కట్టుకుని, ధౌలాకువా దాటి, రింగు రోడ్డు పట్టుకుని, ఓఖ్లా బ్యారేజీ దగ్గర నది గట్టెక్కాను. గట్టుకీ నీళ్ళకీ మధ్య మైళ్ళకొద్దీ పరుచుకున్న మెత్తటి నేలను అక్కడివాళ్ళు ఖాదర్ అంటారు. అక్కడ దోస, ఖర్బూజా వేసుకునే ఒక ముసలావిడ నన్ను ఎగాదిగా చూసి, మద్రాసీ కోడలు గడ్డి తింటుందా అని పకపకా నవ్వి, చివరికి నాలుగు సాళ్ళు నాకిచ్చింది. ఆ వేసవి నుంచి వారం వారం నా సైకిలు క్యారేజీ మీద గోంగూర కట్టలు మా క్వార్టర్ల లైన్లలోని తెలుగు ఇళ్ళకు చేరేవి. దారిలో రెల్లు పూసినప్పుడు ఒక రంగు, ఆవ చేలు పూసినప్పుడు ఒక రంగు, చలికాలం పొద్దున్న మంచులోంచి కొంగల గుంపు లేచినప్పుడు మరో రంగు. అంత అందమైన దారి ఢిల్లీలో ఉందని మా లైన్లలో నాకొక్కదానికే తెలుసని ఎంత గర్వపడేదాన్నో.

ఒక ఏడాది యమునకు పెద్ద వరద వచ్చింది. నీళ్ళు తీశాక ముసలావిడ ఎలా ఉందో చూద్దామని వెళ్ళాను. గట్టు రెండుగా చీలే చోట ఎప్పటిలా ఎడమకు తిరిగి పది గజాలు వెళ్ళానో లేదో, మోకాలి దాకా దిగిపోయాను. పైన పచ్చగా గడ్డి, కింద అంతా ఊబి. ఆ ముసలావిడే నా కేక విని వచ్చి, వెదురు గడ అందించి బయటికి లాగింది. కుడివైపు చుట్టుదారి గట్టిగా ఉందని చూపించిందీ ఆవిడే.

ఆ శీతాకాలమే మా ఆడవాళ్ళ సంఘం ఆదివారం సైకిలు యాత్ర తలపెట్టింది. సంఘం పెద్ద ఒక ఆఫీసరు గారి భార్య, మేడమ్ అనేవాళ్ళం. ఫౌజు లారీలు వరుసగా వెళ్ళేటప్పుడు మొదటి బండికి నీలి జెండా, చివరి బండికి ఆకుపచ్చ జెండా కడతారు. నీలి జెండాను ఎవరూ దాటకూడదు, ఆకుపచ్చ జెండా వెనక ఎవరూ మిగలకూడదు. మా సైకిళ్ళకూ అదే పద్ధతి. దారి తెలిసినదాన్ని నేనే గనక నీలి జెండా నాకే అన్నారు మేడమ్. ఆఫీసరు గారి భార్యలు కూడా ఉన్న ఆ వరుసకు ముందు ఒక డ్రైవరు భార్య! ఆ రోజు వంట ఏం చేశానో కూడా గుర్తులేదు. కానీ ఒక మెలిక పెట్టారు. దారి, మలుపులు, ఆగే చోట్లు అన్నీ కాగితం మీద రాసి శనివారంలోగా ఇస్తేనే అనుమతి వస్తుందట.

మా ఆయన పఠాన్‌కోట్ దారిలో ఉన్నారు. పక్క క్వార్టరు గుంటూరు వదినకు చదువొచ్చు గాని, ఆవిడ నోట పడితే ఊరంతా తెలుస్తుంది. చదువు రాదని తెలిస్తే జెండా పోతుంది. జెండా పోవడం కన్నా అందరి ముందూ పరువు పోవడం ఎక్కువ భయం. అందుకని శుక్రవారం పొద్దున్నే కుడిచేతికి పాత పంచె ముక్క చుట్టుకుని మేడమ్ బంగళాకు వెళ్ళాను. నూనె పడి చెయ్యి కాలింది, నేను చెప్తాను మీరు రాసుకోండి అన్నాను. "అచ్ఛా, బోలో" అని ఆవిడ కలం తీశారు. ధౌలాకువా నుంచి నది దాకా ప్రతి ఎత్తూ, ప్రతి చేతిపంపూ, చెట్టు నీడ ఎటు పడుతుందో కూడా వరసగా చెప్పాను. నాలుగు కాగితాలు నిండాయి. కాలిన చేత్తో సైకిలెలా తొక్కుతావని ఆవిడ అడగలేదు. ఎందుకడగలేదో నాకు అప్పుడు తట్టలేదు.

ఆదివారం మేడమ్‌తో కలిపి పంతొమ్మిది మందిమి బయలుదేరాం. కాలని చేతికి కట్టు, ఆ చేతి పక్కన హ్యాండిలుకు నీలి జెండా. ఆగిన ప్రతిచోటా తలలు లెక్కపెట్టాను. అందరికన్నా మెల్లగా తొక్కేవాళ్ళ వేగమే నా వేగం. చీలిక దగ్గర కుడికి తిరగబోతుంటే, గుంటూరు వదిన గంట మోగించి అందరినీ ఆపేసింది. అక్కడ పాత రేకు బోర్డు ఒకటుంది, దాని మీది బాణం ఎడమకు చూపిస్తోంది.

"ఏమ్మోయ్, ఎటు పోతున్నావ్? నదికి ఎడమకని ఇంతింత అక్షరాలతో రాసుంటే! గవర్నమెంటోళ్ళకన్నా నీకెక్కువ తెలుసా ఏంటి?"

"ఆ దారి వరదలో పోనాది వదినా. బోర్డే మిగిలింది."

"పోయిందో లేదో తర్వాత. ముందు ఆ బోర్డు మీదేముందో పైకి చదువు, అందరం వింటాం."

పద్దెనిమిది మంది నా నోటివైపు చూస్తున్నారు. ఏదో ఒకటి సర్దిచెప్పి ఉండవచ్చు. కానీ నా మాట మీద ఒక్కరు అనుమానపడినా, ఆ ఒక్కరు ఎడమకు వెళ్తారు, వెళ్తే దిగిపోతారు. ఆ ఊబి నా మోకాళ్ళకు తెలుసు. చేతి కట్టు విప్పేశాను.

"నాకు చదవడం రాదు వదినా. నా సెయ్యీ కాలలేదు. ఈ గడ్డిలో మోకాలి దాకా దిగాను, అదొక్కటే నాకు తెల్సు."

తర్వాత మేడమ్ కోసం అదే హిందీలో చెప్పాను. మాట తడబడలేదు. మేడమ్ బోర్డువైపు చూడనైనా చూడలేదు. "ముఝే పతా థా" అన్నారు మెల్లగా, నాకు ముందే తెలుసని. తర్వాత అందరికీ వినపడేలా, "చలో, నీలీ ఝండీ కే పీఛే!" అన్నారు, నీలి జెండా వెనకే పదండని. గుంటూరు వదిన మాత్రం ఊరుకోకుండా, చూద్దాం పదండంటూ ముందు చక్రాన్ని గడ్డిలోకి నెట్టింది. చక్రం ఇరుసు దాకా గుటుక్కున దిగిపోయింది. నలుగురం కలిసి లాగితే గాని రాలేదు. బురద తుడుచుకుంటూ ఆవిడే ముందు నవ్వింది.

"సర్లేవే తల్లీ, చదువుకున్న సైకిలు గదా, బోర్డు చూడంగానే దూకింది! పద, నీ వెనకే వస్తా."

కుడిదారిన రెల్లు దాటాక నది ఒక్కసారిగా కనిపించింది, ఎండలో అంత వెడల్పుగా. ముసలావిడ ఇసుకలో కాల్చిన చిలగడదుంపలు పెట్టింది. తిరిగి పొద్దుగుంకకముందే పంతొమ్మిది తలలనూ గేటు లోపల లెక్కపెట్టి, జెండా విప్పి అప్పజెప్పాను. జెండా తీసుకుని ఆ నాలుగు కాగితాలూ మేడమ్ నా చేతిలో పెట్టారు. మరో ఆరు శీతాకాలాలు, మా ఆయనకు బదిలీ అయ్యేదాకా, ఆ జెండా నాదే. చదువు రాదని ఎవరూ ఎత్తిపొడవలేదు, గుంటూరు వదినైతే ఆ మాటే ఎత్తలేదు.

ఇప్పుడు ఆ గట్టు మీద కార్లు పరుగెత్తుతాయి. ఆవ చేలున్న చోట మేడలు లేచాయి. నది నల్లబడి, బ్యారేజీ దగ్గర తెల్లటి నురగ కట్టి, దగ్గరికెళ్తే ముక్కు మూసుకోవాల్సి వస్తోంది. మనవరాలి ఫోను ప్రతి మలుపునూ ముందే చెబుతుంది. తప్పిపోరు, మంచిదే. కానీ గాలి ఎక్కడ చల్లబడుతుందో అది చెప్పదు, ఎవరింటి కోడలివి అని ఆపి అడిగే ముసలమ్మ దారిలో ఉండదు. మా కాలపు ఆడవాళ్ళం ఇల్లు దాటి ఇరవై కిలోమీటర్లు వెళ్ళడానికి ఎన్ని అబద్ధాలు చుట్టుకున్నామో, ఎన్ని విప్పుకున్నామో, ఈ పిల్లలకు తెలియాల్సిన అవసరం లేకపోవడమే మేలేమో. అయినా ఎవరో ఒకరు చెప్పాలి కదా అనిపించి రాస్తున్నాను.

యాత్ర మర్నాడు, సోమవారం పొద్దున్నే లేచాను. ఒళ్ళంతా నొప్పులు. కంటోన్మెంటులో పూలమడుల చుట్టూ ఇటుకలకు పూసే జేగురు కొంచెం డబ్బాలో కలుపుకుని, పాత కుంచె ఒకటి క్యారేజీకి కట్టుకుని, ఒక్కదాన్నే మళ్ళీ గట్టు మీది చీలిక దాకా తొక్కుకుంటూ వెళ్ళాను. ఎడమకు చూపే బాణం మీద అడ్డంగా రెండు గీతలు కొట్టాను. దాని కింద, కుడివైపు తిరిగేలా ఇంకో పెద్ద బాణం గీశాను. అది కాస్త వంకరగానే వచ్చింది. ఎండలో రంగు ఆరేదాకా పక్కనే నిలబడి, వేలితో తాకి చూసి, అంటుకోవడం లేదని తెలిశాక సైకిలెక్కాను.