కళ్లంలో పేరెత్తని గాలి

మా పక్కింటి అప్ప పోయింది. సామలు కోసి, పశువులతో తొక్కించి, గింజా పొట్టూ కలిసి ఇంకా కళ్లంలో కుప్పగా ఉండగానే, ఒక పొద్దున్న పొయ్యి రాజేస్తూ పక్కకి ఒరిగిపోయిందట. ఆమె కోడలు పరుగున వచ్చి చెప్పేసరికి నేను పెరట్లో కట్టుడుపళ్లు కడుక్కుంటున్నాను. నోట మాట రాలేదు. పళ్లు లేక కాబోలనుకుని గబగబా పెట్టుకున్నాను. అప్పటికీ రాలేదు.

మా వైపు అప్ప అంటే అక్క. వరసకి నాకేమీ కాదు. ఆమె కొండమీద పుట్టి పెరిగిన మనిషి, నేను విజయనగరం వైపు నుంచి ఆశ్రమ పాఠశాలలో తెలుగు చెప్పడానికొచ్చి రిటైరయ్యాక కూడా కిందికి దిగని మనిషిని. మధ్యలో ఒక దడి, దానికో కంత. ముప్పయ్యేళ్లకి పైగా ఆ కంతలోంచి గుమ్మడికాయలూ, పనసగింజలూ, మాటలూ అటూ ఇటూ నడిచాయి. దిగువకి వచ్చెయ్యమని మావాళ్లు ఇప్పటికీ పోరుతూనే ఉంటారు. దిగువన ఫ్యాను గాలి ఒక్కటే ఉంది. దానికి పేర్లు లేవు, నంబర్లే.

గాలి పేర్ల దగ్గరే మా స్నేహం మొదలైంది. కొత్తలో ఒక సాయంత్రం హాస్టలు పిల్లల్ని నా అరుగుమీద కూర్చోబెట్టి పర్యాయపదాలు వల్లె వేయిస్తున్నాను. ప్రభంజనం, ఝంఝామారుతం, చక్రవాతం. పిల్లలు గొంతులు చించుకుంటున్నారు. దడి అవతల చోళ్లు, అదే రాగులు, విసురుతున్న అప్ప తిరగలి ఆపింది.

"ఏటి పంతులమ్మా, ఎవుల్ని పిలుస్తన్నారు?"

"గాలినప్పా. అవన్నీ గాలి పేర్లు."

"అంతంత పేర్లెట్టి పిలిస్తే, మీరు పలికేలోపు అది ఒడిసా ఎళ్లిపోద్ది."

గుంటలందరూ ఒకటే నవ్వు. నాకు ఒళ్లు మండింది. మర్నాడు అభిమానం చంపుకుని కంత దగ్గరికి వెళ్లి, "అయితే నీ పేర్లేమిటో చెప్పు" అన్నాను. తిరగలి ముందు కూర్చోబెట్టి నా చేత చోళ్లు విసిరించుకుంటూ చెప్పింది. ఆవిడ ఏదీ ఊరికే చెప్పదు.

మోపు నెత్తిన పెట్టుకుని వాలు దిగేటప్పుడు వెనకనుంచి నడుంమీద ఒక్క తోపు తోసేది గెంటుడుగాలి. తలుపుకింద నుంచి చప్పుడు లేకుండా దూరి దీపాన్ని ఆర్పేసి పోయేది పిల్లిగాలి. ఆశపెట్టి, మనం చేట ఎత్తగానే పడిపోయేది సుట్టంగాలి. నిలకడగా వీచి పొట్టుని ఒకవైపు, గింజని ఒకవైపు పెట్టేది సేటగాలి. ఇందులో ఊరి మాటలెన్నో, వాళ్లమ్మ వైపు ఒడియా నుంచి తిప్పుకున్నవెన్నో, అప్పటికప్పుడు పుట్టించినవెన్నో నాకిప్పటికీ తెలియదు. అడిగితే, "గాలి నీ దగ్గరికొచ్చినప్పుడు నువ్వే అడుగు" అనేది. పాత హాజరుపట్టీ ఒకటి తీసి అందులో రాసుకునేదాన్ని. ఒకసారి నా మనవరాలు ఫోనులో వాతావరణం చూపించి, గాలి గంటకి ఎన్ని కిలోమీటర్లో చదివి వినిపించింది. అప్ప ఆ ఫోనుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఎంత బేగి వత్తందో సెప్పింది. ఏ బుద్ధితో వత్తందో సెప్పదేటి?" అంది. మనవరాలు అదే ఫోనులో వెతుక్కోవడం మొదలుపెట్టింది, పాపం.

చదువుకున్నవాళ్లకి ఒక జబ్బుంది. పేరు రాసుకుంటే వస్తువు వచ్చేసిందనుకుంటాం. ఒక ఏడు అప్ప కూతురి పురిటికని గూడెం కొత్తవీధి వెళ్లింది. కళ్లంలో నా కాసిని సామలున్నాయి. చెంపకి గాలి చల్లగా తగిలింది. సేటగాలేనని తీర్మానించుకుని రాయెక్కి ఎగరబోయడం మొదలుపెట్టాను. నాలుగు చేటలు బాగానే దిగాయి. అయిదోది ఎత్తానో లేదో, పోయిందనుకున్న గాలి గెడ్డవాగు వైపు నుంచి ఒక్కసారి మొహంమీదికి తిరగబడింది. పొట్టు నా కళ్లలో, గింజలు పక్క వలిసెచేలో. మర్నాడు ఊరినుంచి వచ్చిన అప్ప చేనంతా చూసి, "కోళ్లకి యిందెట్టినావేటి, పంతులమ్మా?" అని అడిగింది.

"ఆ తిరగబడే గాలి పేరేమిటప్పా?"

పొలం పని చేసిన గరుకు అరచెయ్యి నా నోటిమీద పడింది. "కళ్లంలో గింజుండగా దాని పేరెత్తకూడదు. పేరెత్తితే పిలిసినట్టే. గింజ ఇంటికెళ్లనీ, సెప్తాను."

అది వాళ్లింటి కట్టుబాటు. ఆ పేరు ఇంట్లో పెద్దామె దగ్గరే ఉంటుంది. ఎప్పుడో తన చేట కోడలి చేతికిచ్చి తాను తప్పుకునే రోజున, గింజంతా ఇల్లు చేరాక, చెవిలో చెప్పి వదిలేస్తుంది. నాకు చెప్తాననడం ఎంత పెద్ద మాటో అప్పుడు తెలియలేదు. గింజ ఇంటికి వెళ్లేది. వెళ్లగానే కాఫీ పళ్లకోత నెత్తిమీదికొచ్చేది. ఆవిడ మర్చిపోయేది, నేనూ మర్చిపోయేదాన్ని. మళ్లీ గుర్తొచ్చేసరికి మళ్లీ కళ్లంలో గింజ ఉండేది. ఇలా ఎన్నేళ్లు గడిచాయో చెప్పుకోడానికి తెలుగు పంతులమ్మగా సిగ్గుపడుతున్నాను.

ఈసారి మాత్రం వదలదల్చుకోలేదు. కోత మొదలైన రోజే దడి దగ్గర పట్టుకున్నాను. "నాకూ డెబ్బై దాటాయి, నీకూ దాటాయి. ఈ ఏడు చెప్పకపోతే ఊరుకోను."

"గాలికి తొందరుంటాది. నీకెందుకే?" అని నవ్వింది. "గింజ ఇంటికెళ్లనీ."

దినాలు అయ్యేదాకా ఆ కుప్ప టార్పాలిను కిందే ఉండిపోయింది. తర్వాత కోడలు కంత దగ్గరికొచ్చి నిలబడింది. "పంతులమ్మా, రేపు ఎగరబోత్తాం. గాలి సెప్పేవోళ్లు లేరు. నువ్వొత్తావేటి?"

వెళ్లాను. చంకలో హాజరుపట్టీ పెట్టుకుని మరీ వెళ్లాను. ఆ అమ్మాయి దాని వంక ఒకసారి చూసి ముందు నడిచింది. అత్తకున్న నోరు కోడలికి లేదు. అత్త చేట ముట్టుకోకుండా, తన పుట్టింటి చేట తెచ్చుకుంది. రాయెక్కి, కళ్లు మూసుకుని చెంప అటుపెట్టి ఇటుపెట్టి, పోసింది. పొట్టు బారుగా తేలుతూ వెళ్లింది, గింజలు కాళ్లదగ్గర రాలాయి. నేను పుస్తకం తెరవనేలేదు.

కుప్ప సగమయ్యేసరికి పైన కాఫీతోటలో సిల్వరోకు చెట్ల ఆకులన్నీ ఒక్కసారి వెనక్కి తిరిగి తెల్లగా మెరిశాయి. అదే వస్తోంది. కోడలు చేట పడేసి దిగింది. ఆడవాళ్లమంతా గింజ చుట్టూ చతికిలబడి, వీపులు బయటికిచ్చి, కొంగులు గింజమీద పరిచి చేతులతో అదిమిపట్టాం. పక్కనే ఉన్న కోడలి చెవిలో అడిగాను.

"మీ అత్త నీకేమైనా చెప్పిందా?"

తల అడ్డంగా ఊపింది. "సేట నాకియ్యలేదు కదా. ఎలా సెప్తాది?"

అంతే. ఇక ఆ పేరు లేదు. ఉన్నన్నాళ్లూ ఎవరూ పైకి అనని పేరు, ఇప్పుడు అనడానికి ఎవరి దగ్గరా లేదు. గాలికి ఆ సంగతి తెలిసినట్టు లేదు. గెడ్డమీంచి ఎప్పట్లాగే తిరగబడి వచ్చింది.

గెడ్డవైపు, నాకూ కోడలికీ ఎదురుగా, వలయంలో ఒక మనిషి పట్టేంత జాగా ఖాళీగా ఉంది. అప్ప వీపు పెట్టి కూర్చునే చోటది. ఏ ఏడూ ఇంకెవరూ అక్కడ కూర్చోలేదు. ఆ పక్కామె అరడుగు జరిగితే సరిపోయేది, ఈ పక్కామె జరిగినా సరిపోయేది. జరగమని ఎవరూ అనలేదు. ఆ ఖాళీలోంచి గాలి లోపలికొచ్చి, కొంగుల అంచులు లేపి, సామల్ని సన్నగా, ధారగా ఎత్తుకుపోతూ ఉంది. మేమంతా తలలు వంచుకుని చూస్తూ కూర్చున్నాం.