బనీను సంచి

రాయగడలో చింతపండు టోకు వ్యాపారం చేసే లింగమూర్తి గారికి, ఇంట్లో బొప్పాయి కోస్తే మొదటి ముక్క తనకే రావాలి. ముప్పై ఏళ్లుగా అలాగే వచ్చింది. మేడమీద అద్దెకున్న బ్యాంకు కుర్రాడు బదిలీ అయి వెళ్తూ తన షుగర్ గ్లైడర్‌ను వదిలేసినప్పటి నుంచి ఆ ముక్క దానికి పోతోంది. ఉడతంత జంతువు, పొట్టపక్క చర్మం చాచి బీరువా మీంచి ఆయన భార్య విజయదుర్గ గారి భుజం మీదికి తేలి వస్తుంది. పగలంతా ఆవిడ మెడలో వేలాడే గుడ్డసంచిలో నిద్రపోతుంది. ఆవిడ దాన్ని "బంగారూ" అంటుంది. ఆ పిలుపు ఆయన పెళ్లైన కొత్తలో విన్నాడు. "అలా మోస్తే మెడ నొప్పెట్టదేటి?" అని రోజూ అడుగుతాడు. నొప్పి ఎక్కడో ఆవిడకి తెలుసు.

చివరికి బోరిగుమ్మ నుంచి మేనల్లుడు బాబిని పిలిపించి, దాన్ని పట్టుకుపొమ్మన్నాడు. విజయదుర్గ గారు సంచి విప్పింది. అది బాబిని వాసన చూసి, ఒక్క గెంతులో లింగమూర్తి గారి బొజ్జ మీద వాలి, బనీనులో దూరి ముడుచుకుంది. ఆయన బిగుసుకుపోయాడు.

"ఏటే ఇది?"

"మనిషి వాసనుండాలని ఆ బ్యాంకు కుర్రాడంటే, మీ పాత బనీను ఉతక్కుండా సంచీ కుట్టేను. ఇన్నాళ్లూ మీ వాసనకే పడుకుందన్నమాట!" అంది ఆవిడ ఉక్రోషంగా.

"ఇచ్చీ మావయ్యా, బస్సెళ్లిపోతాది," అన్నాడు బాబి.

"అరవకురా, పడుకుంది," అన్నాడు లింగమూర్తి గారు.

బాబి ఉత్త చేతులతో వెళ్లాడు. మర్నాడు ఆవిడ మొదటి ముక్క ఆయన ముందు ఠక్కున పెట్టి, "మీ బంగారానికి మీరే పెట్టుకోండి," అని లోపలికెళ్లిపోయింది. ఆయన సగం బనీనులోకి అందించి, మిగతా సగం గబుక్కున నోట్లో వేసుకున్నాడు.