చెల్లెలి తెల్ల కత్తి

నేను ఊరిబడిలో అయిదో తరగతి దాకా చదివాను. ఆపైన సానరాయే నా బడి. హోటళ్ల కత్తులు, దర్జీల కత్తెరలు, నా చేతిలో పదును తేలనిది లేదు. "నువ్వు సానబడితే బట్ట తనంతట తనే తెగుతుంది బాబాయ్" అని ఒక దర్జీ నలుగురిలో అన్నాడు. అది రాయకుండా ఉండలేను. అయితే ఇది నా చెల్లెలి సంగతి.

ఆమె పండ్ల ముక్కలు డబ్బాల్లో సర్ది అమ్మే షెడ్డులో కోత బల్ల దగ్గర పనిచేస్తుంది. మణికట్టు నొప్పి మొదలయ్యాక చేయి నెమ్మదించింది. "అక్కా, ఇలా వెనకబడితే నిన్ను కడిగే తొట్టి దగ్గరికి పంపాల్సొస్తుంది" అని సూపర్‌వైజరమ్మ ముందే చెప్పింది. అక్కడ పొద్దస్తమానం చన్నీళ్లు. ఆ మణికట్టుతో అక్కడ నిలవడం చెల్లెలి వల్ల కాదు. అంటే పని పోయినట్టే.

అప్పుడు చెల్లెలి కోడలు సెరామిక్ కత్తి కొని తెచ్చింది. పింగాణీ కప్పులా తెల్లగా, ఈకలా తేలిగ్గా ఉంది. అంచు మీద బొటనవేలు ఆనించి చూశాను. బాగుంది, కాదనను.

"ఏం అన్నయ్యా, మొహం అలా పెట్టావు? నీ సానకి పనిపోయిందనా?"

"దీన్ని నా రాయి మీద పెడితే రాయే అరుగుతుంది. దీనికి వజ్రప్పొడి సాన కావాలి. పైగా కిందపడిందా, కప్పు గతే."

"పడెయ్యనులే!"

నెలలు గడిచినా పదును తగ్గలేదు. తుప్పు లేదు, పుల్లటి పండ్ల రసానికి మచ్చ పడలేదు, ముక్కకి ఇనుప వాసన అంటలేదు. చెల్లెలు మళ్లీ బల్లకంతటికీ ముందుంది.

ఒక పొద్దున షెడ్డుకి బేరిపండ్లు వచ్చాయి. గింజల గూడు కింద మొన గుచ్చి, ఒక మెలిక తిప్పి పైకి లేపడం మా ఇంట్లో అందరి పద్ధతీ. ఉక్కు కత్తి ఆ మెలికకి కాస్త వంగి మళ్లీ నిలబడుతుంది. ఇది వంగే రకం కాదు. చెల్లెలు అలవాటుగా తిప్పగానే టిక్కుమంది. చూస్తే మొన లేదు.

టబ్బు నిండా తెల్లటి ముక్కలు, వాటిలో ఎక్కడో గోరంత తెల్ల పెంకు. డబ్బాలన్నీ లోహాన్ని పట్టే యంత్రం కిందుగా బయటికి వెళతాయి. ఇది లోహం కాదు కనుక అది కూయదు. ఎవరూ చూడలేదు కూడా. చెల్లెలు కత్తి పైకెత్తి, "అందరూ చేతులాపండి. నా కత్తి మొన విరిగింది" అంది.

సూపర్‌వైజరమ్మ పరుగున వచ్చింది. "దొరికిందా?"

"లేదు."

"అయితే టబ్బంతా పారబొయ్యాల్సిందే అక్కా."

"నేనే పోస్తాను, జరుగు."

"ఆ కత్తి ఇంకెప్పుడూ లోపలికి తేకు. రేపట్నించి ఉక్కుదే. కుదరకపోతే తొట్టి దగ్గరికే, తర్వాత నన్ననొద్దు."

ఆ సాయంత్రం వెడల్పాటి ఉక్కు కత్తి ఒకటి తీసి, నీళ్లలో ముంచుతూ, వేడెక్కనివ్వకుండా, వీపు వైపు నుంచి కూడా అరగదీసి సగం బరువు దించాను. ఇంత పలుచగా తీసి కూడా కత్తిని నిటారుగా నిలపగలవాడు ఈ చుట్టుపక్కల ఇంకొకడు లేడు.

మర్నాడు చెల్లెలు దాన్ని చేతిలో ఊపి చూసింది. "తెల్లదానంత తేలిక కాదు."

"విరగదు."

"సాయంత్రానికల్లా మొద్దుబారుతుందిగా?"

"పట్టుకురా, నేను లేనా?"

"అంటే రోజూ వచ్చి నీ గొప్పలు వినాలన్నమాట!" అని కత్తిని గుడ్డలో చుట్టుకుని పనికి వెళ్లింది.

చెల్లెలు ఇప్పటికీ కోత బల్ల దగ్గరే ఉంది. వేగం మునుపటంత లేదు. సూపర్‌వైజరమ్మ చూసీ చూడనట్టు పోతోందట.