ఒప్పందాన్ని పైకి చదివిన అక్క

"చదవలేదని ఎవడన్నాడు తమ్ముడూ? చదివాను! మొదటి అక్షరం నుంచి ఆఖరి చుక్కదాకా, ఒత్తు పోకుండా, మైకు ముందు చదివినట్టు చదివాను. అదే కదా నా ఖర్మ!"

అక్క చేతిలోని వేడినీళ్ల గ్లాసును బల్లకేసి కొట్టినట్టు పెట్టింది. నీళ్లు ఒలికి చీటీలు తడిశాయి. బస్టాండు మేడమీద, అద్దాల కిటికీ ఉన్న చిన్న గదిలో కూర్చుని బస్సుల రాకపోకలు చెప్పే మనిషి ఆమె. డ్రైవర్లకీ కండక్టర్లకీ అనౌన్సరమ్మ, నాకు అక్క. మా ఊరి బస్సు ఆలస్యమైనప్పుడల్లా మేడెక్కి ఆమె కబుర్లు వినడం నాకు అలవాటు. ఆ రోజు మాత్రం అవి కబుర్లు కావు, నిప్పులు.

ఆమె పని తీరు తెలిస్తేగాని ఆ కోపం అర్థం కాదు. కంట్రోలరు కింద నుంచి చీటీ పంపుతాడు. కళ్లు చీటీ మీద ఉంటాయి, నోరు పలుకుతుంది, మనసు మాత్రం ఇంట్లో పొయ్యి మీద పెట్టొచ్చిన పాల దగ్గర ఉంటుంది. "అర్థం చేసుకుంటూ చదివితే తడబడతాం తమ్ముడూ. మాట నోట్లోంచి పోవాలి, బుర్రలోకి రాకూడదు," అని ఒకసారి నాకు పాఠం కూడా చెప్పింది. ఓ రోజు ఆమె మొగుడే కింద నిలబడి, ఫలానా ఆవిడ కోసం భర్త ఎదురుచూస్తున్నాడని చీటీ రాయిస్తే, ఆ పేరు తనదేనని తట్టక రెండుసార్లు పిలిచి ఊరుకుంది.

ఆ మొగుడే ఇంటికి కొత్త ఫోను తెచ్చాడు.

"తెల్లవారుజామునే షాపు ముందు పీట వేసుక్కూచున్నాడు. నా కాన్పుకి కూడా అంత త్వరగా రాలేదు మహానుభావుడు! తెచ్చి నా చేతిలో పెట్టాడు. మీ గొంతు గుర్తుపట్టాలి, తెర మీద ఉన్నది పైకి చదవండి అంది ఫోను. చదివాను. మా ఆయన చప్పట్లు కొట్టాడు."

తెర మీద ఉన్నది కంపెనీవాళ్ల ఒప్పందం. అందరూ చదవకుండానే అడుగున 'సరే' నొక్కి బయటపడతారు. అక్క మాత్రం అంతా చదివింది. ఆ గొంతును కంపెనీ తన వ్యాపారానికి ఎలాగైనా వాడుకోవచ్చన్న వాక్యాన్ని కూడా చక్కగా, ఆగాల్సిన చోట ఆగుతూ పలికింది.

"ఆ తర్వాత మా అమ్మ దగ్గరికి వెళ్తే ఇల్లంతా పెట్టెలే! తనంతట తానే మూత తెరిచే చెత్తబుట్ట. నీళ్లు తాగమని అరిచే సీసా. నడవలేదని సణిగే చెప్పులు. చూపు లేని మనిషి, వాటి మధ్య తడుముకుంటోంది! ఇవన్నీ ఎందుకు కొన్నావే అమ్మా అంటే, నువ్వే కదే ఫోన్ చేసి కొనమన్నావ్, ఎంత ముద్దుగా చెప్పావ్, అంది."

"కంపెనీని అడగలేదా అక్కా?"

"అడక్కేం! ఫోన్ చేశాను. ఎత్తిందెవరనుకున్నావ్? నేనే! 'మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం' అంటోంది నా గొంతు. నన్ను నేనే నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. అది తొణికితే ఒట్టు. నా శిక్షణ అలాంటిది మరి!"

"కేసు వేస్తే?"

"వేస్తే కోర్టులో ఏం వినిపిస్తారు? 'నేను పూర్తిగా అంగీకరిస్తున్నాను.' ఎంత స్పష్టంగా అన్నానో!"

నాకు నవ్వు రాబోయి ఆగిపోయింది. ఆమె నవ్వడం లేదు. రోజూ ఆ కంపెనీ మీద అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. మాటమాటకీ గరగర.

"నిన్న అమ్మకి ఫోన్ చేశాను తమ్ముడూ. ఎవరమ్మా నువ్వు అంది. అమ్మా, నేనే అన్నాను. మా అమ్మాయి గొంతు ఇలా ఉండదు, ఇందాకే మాట్లాడింది, మాత్రలు గుర్తుచేసే గడియారం పంపుతానంది, నువ్వెవరో పెట్టెయ్ అంది. పెట్టేసింది కూడా." అక్క పిడికిలి బల్లమీద బిగుసుకుంది. "నా గొంతు పోతే పోయింది. నా తల్లికి నన్ను లేకుండా చేశారు, దొంగవెధవలు! మా ఆయన చూస్తే దీని తర్వాత వచ్చే ఫోను కోసం మళ్లీ పీట దులుపుతున్నాడు. ఆ పీట పొయ్యిలో పెట్టాను."

చీటీ వచ్చింది. అక్క మైకు నొక్కలేదు. ముందు పెదాలు కదుపుతూ తనలో తాను చదువుకుంది, వేలు పెట్టి మళ్లీ చూసుకుంది. అప్పుడు నొక్కి, ఆ గరగర గొంతుతోనే బస్సు పేరు చెప్పింది.

"కూర్చున్నావేం? నీ బస్సే. అమ్మ ఉండేది మీ ఊళ్లోనేగా, నీళ్ల ట్యాంకు పక్క సందు. దిగగానే అమ్మ దగ్గరికి వెళ్లు. ఫోన్లో తీయగా మాట్లాడేది నేను కాదని, ఈ బొంగురుదే నీ కూతురని చెప్పు. ఆదివారం వస్తున్నాను, గుమ్మంలో నిలబడి అరుస్తాను, ఆ అరుపు వినబడితే తలుపు తియ్యమను. ఫోన్ చేసి చెప్పకు తమ్ముడూ. అమ్మ చెయ్యి పట్టుకుని చెప్పు."