అడగని ఆరు నెలలు

మా వదిన స్కూలు వ్యాను నడుపుతుంది. బండి ఆమెది కాదు. అయినా గేరు ఎక్కడ మొరాయిస్తుందో, ఏ పిల్లాడికి కిటికీ పక్క సీటు దొరక్కపోతే రాగం తీస్తాడో ఆమెకే తెలుసు. రోజూ సాయంత్రం తాళాలు ఓనరు పెద్దాయన చేతికిచ్చి, నడిచి ఇంటికొచ్చేది.

ఒకరోజు తాళాలు తీసుకుంటూ ఆయన చెప్పాడు. "ఈ రిపేర్లు నావల్ల కావట్లేదమ్మా, అమ్మేస్తున్నా. నువ్వు కొంటే నీకే. లేదంటే వేరేవాళ్లు అడుగుతున్నారు."

వేరేవాళ్లు కొంటే వదిన పని పోయినట్టే. మా అమ్మకు ప్రతిదానికీ ఓ సామెత ఉంటుంది. "అడగందే అమ్మైనా పెట్టదు. పోయి అడుగు" అంది. వదిన అసలే మొండిఘటం. ఆ వారంలో కనపడిన ప్రతి బ్యాంకు మెట్లూ ఎక్కింది. అందరూ కాదన్నారు. చివరి బ్యాంకులో ఆఫీసరమ్మ మాత్రం కూర్చోబెట్టి చెప్పింది.

"బాకీలు కట్టడంలో మీకు మచ్చ లేదు. కానీ లోనుకి అప్లై చేసిన ప్రతిచోటా మీ క్రెడిట్ స్కోరు తీసి చూస్తారు. వాళ్లు చూసినప్పుడల్లా అది కాస్త తగ్గుతుంది. వారంలో ఇంతమంది చూస్తే, ఈవిడకి ఏదో పీకల మీదికొచ్చిందనుకుంటారు."

"నేను చూసుకున్నా తగ్గుతుందా?"

"మీరు చూసుకుంటే తగ్గదు. ఆరు నెలలు ఎక్కడా అడక్కండి. ఇప్పుడు మీరు కడుతున్న ఫ్రిజ్ వాయిదాలు తప్పకుండా కట్టండి. తర్వాత ఒక్కచోటే అడగండి."

ఇదెక్కడి చోద్యం! అడిగినందుకే శిక్షా? నేనైతే నాలుగు దులిపేసి వచ్చేదాన్ని. వదిన తిన్నగా పెద్దాయన ఇంటికెళ్లింది.

"ఆరు నెలలు ఆగండి బాబాయ్. అప్పటిదాకా రిపేర్లన్నీ నావే. డబ్బు తేలేకపోతే బండి మీ ఇష్టం."

ఆయన గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు.

అడగడం కన్నా అడక్కుండా ఉండటమే కష్టమని అప్పుడు తెలిసింది. లోను కావాలా అంటూ ఫోన్లొచ్చేవి, వదిన పెట్టేసేది. క్లచ్ పోతే చేతి గాజులమ్మి బాగుచేయించింది. ఓరోజు మా అన్నయ్య, మహానుభావుడు, ఆమె ఫోనులో లోను యాప్ తెరిచాడు.

"ఎంతిస్తారో ఊరికే చూద్దామని..."

"మీరు ఊరికే నొక్కినా తరిగేది నా స్కోరే. ఆ వేలు తియ్యండి."

అన్నయ్య వేలు తీశాడు. పెళ్లయినప్పటి నుంచీ ఆయన చేస్తున్నది అదే.

గడువు నిండాక వదిన ఆ ఆఫీసరమ్మ దగ్గరికే వెళ్లింది. ఒక్కచోటే అడిగింది. వారం తిరక్కుండా లోను మంజూరైంది. పెద్దాయనకు డబ్బు కట్టిన సాయంత్రం వ్యాను మా గుమ్మం ముందు ఆగింది. తాళాలు మేకుకు తగిలించి, వదిన భోజనానికి కూర్చుంది.

అమ్మ ఆమె కంచంలో మారు వడ్డించింది.

"నేనడగలేదు అత్తయ్యా."

"తెలుసు, తిను" అంది అమ్మ.